ఆషాఢంలో చేరిన ఆటగాడు

కాలేజీల్లో కొత్తగా ఫిజికల్ డైరెక్టర్లుగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వచ్చి, కాఫీ తాగి, "రూల్సు మరీ చాదస్తంగా ఉన్నాయి మాస్టారూ. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారిన పాపానికి ఏడాదిపాటు ఆడకూడదంటే ఎలాగండీ?" అని గోడు వెళ్ళబోసుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. చాదస్తం అంటే ఏమిటో మీరింకా చూడలేదర్రా అంటాను. నా సర్వీసులో నేనొక కుర్రాడికి పెళ్ళయిన మాట నిజమేనని, వాడికొక అత్తగారుందని, ఆ అత్తగారింట్లో ఆషాఢం పట్టింపు ఉందని ముగ్గురు పెద్దమనుషుల ముందు నిలబడి వాదించాను. నాకు ట్రైనింగులో నేర్పింది కోర్టుకి సున్నంతో గీతలు ఎలా వేయాలో, కాలు బెణికితే కట్టు ఎలా కట్టాలో. ఆషాఢం గురించి ఎవరూ పాఠం చెప్పలేదు.

ఇది అరవైల చివరి మాట. అప్పట్లో నేను విజయనగరంలో ఒక కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్ని. పేరుకి డైరెక్టర్ని గానీ అందరికీ డ్రిల్లు మాస్టార్నే. మీరు తిట్టుకునే ఆ రూలు పుట్టడానికి కారణం లేకపోలేదు. మంచి ఆటగాడు కనిపిస్తే చాలు, కాలేజీలు ఎత్తుకుపోయేవి. ఉచితంగా భోజనం పెట్టేవాళ్ళు, ఫీజు మాఫీ చేసేవాళ్ళు, ఒకాయనైతే సైకిలు కొనిచ్చి మరీ లాక్కున్నాడు. సంతలో ఎద్దుల్ని తోలుకుపోయినట్టు కుర్రాళ్ళని తోలుకుపోతుంటే యూనివర్సిటీవాళ్ళకి విసుగొచ్చి నిబంధన పెట్టారు. చదువు మధ్యలో కాలేజీ మారినవాడు ఏడాదిపాటు కాలేజీల మధ్య పోటీల్లో ఆడకూడదు. మినహాయింపు ఒక్కటే. తండ్రికి బదిలీ అయినా, కుర్రాడి బాధ్యత వేరే సంరక్షకుడికి మారినా, కొత్త కాలేజీలో చేరేనాటికి వాడు ఆ తండ్రి ఇంట్లోనో ఆ సంరక్షకుడి ఇంట్లోనో ఉంటుంటే ఆడొచ్చు. తహసీల్దార్ల పిల్లల్నీ స్టేషను మాస్టర్ల పిల్లల్నీ దృష్టిలో పెట్టుకుని రాసిన ముక్క అది. ఇల్లరికం సంగతి రాసినాయనకి తట్టి ఉండదు.

మా కాలేజీకి పేరు తెచ్చే ఆట బాల్ బ్యాడ్మింటన్. ఇప్పటి పిల్లలు షటిల్ అనుకుంటారు, అది కాదు. పసుపుపచ్చ ఉన్ని బంతి, చెక్క బ్యాటు, ఒక్కో పక్కన ఐదుగురు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, మధ్యలో ఒకడు. ఆ మధ్యవాణ్ణి సెంటర్ ప్లేయర్ అంటారు. వాడు చురుగ్గా ఉంటే మిగతా నలుగురూ బాగా ఆడుతున్నట్టు కనిపిస్తారు. వాడు మందకొడి అయితే ఎంతటివాళ్ళయినా తెల్లమొహాలు వేయాల్సిందే. నా జట్టులో ఆ నలుగురూ గట్టివాళ్ళు. సెంటర్లో మాత్రం ఒక మేజిస్ట్రేటు గారి అబ్బాయి ఉండేవాడు. చెమట పడితే చొక్కా మార్చుకొస్తానని మధ్యలో ఇంటికి వెళ్ళిపోయేవాడు.

జూలైలో ఒక పొద్దున నా గది ముందు గొడుగు పట్టుకుని ఒక పంచెకట్టు రైతు నిలబడ్డాడు. ఆయన వెనకాల ఉన్న కుర్రాణ్ణి చూసి నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను. ముందటేడు శ్రీకాకుళం కాలేజీ తరఫున సెంటర్లో ఆడి మమ్మల్ని చిత్తుగా ఓడించి పంపినవాడు వాడే. కళింగపట్నం పక్కన పల్లెటూరి రైతు కొడుకు. డిగ్రీలో మొదటి ఏడాది పూర్తిచేశాడు.

"ఈడు మా అప్ప కొడుకండి," అన్నాడాయన, అక్క కొడుకని. "నాకు మగపిల్లల్లేరు, ఒక్కత్తే కూతురు. వైశాకంలో పెల్లి సేసి ఈణ్ని ఇల్లరికం తెచ్చీసుకున్నాను. మాది గజపతినగరం కాడ. ఇకనించి ఈడి మంచీ సెడ్డా నాదే. కాలేజీ కూడా ఇటేపు మార్పించీడానికి తీసుకొచ్చినాను."

ఆత్రం బయటపడకుండా, "దానికేముంది, చేర్పిద్దాం," అన్నాను.

"ఇంకో మాట. బంతాటలో యూనివర్సిటీ జట్టులోకి ఎక్కితే రైల్వేవోల్లు పిలిసి ఉజ్జోగమిస్తారంట, నిజమేనా మాస్టారూ?"

అలా వెళ్ళినవాళ్ళు ఉన్నారని చెప్పాను.

"అయితే ఈ ఏడు సూస్తాను. ఎక్కినాడా, సరే. ఎక్కనేదా, సదువూ వద్దు ఆటా వద్దు. నాకు పొలం ఉన్నాది, నాగలున్నాది. మనిసి సాయం కావాల."

కుర్రాడు నేల చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక వాడే చెప్పాడు. "మావ మంచోడేనండి. కానీ నాను తింతన్నది ఆల్ల కూడు. ఆ ఊర్లో ఎవుడో ఒకడు రోజుకోపాలి అది గుర్తు సేస్తాడు. ఉజ్జోగం వస్తే నా కూడు నాను తింతాను." వాడికి ఆ ఏడాది ఆట అంటే కప్పూ కాదు, చప్పట్లూ కాదు. యూనివర్సిటీ జట్టుని ఎంచుకునేది ఈ పోటీల్లో ఆట చూసే. పోటీల్లో ఆడితే జట్టు, జట్టులో ఉంటే రైల్వే. ఆడకపోతే నాగలి.

ఆ మొదటి రోజు పొద్దున, గజపతినగరం నుంచి విజయనగరానికి పాసింజరు బండి ఉంది కాబట్టి రోజూ వచ్చిపోవచ్చు కదా అన్నాను. మావ గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"అక్కడే వొచ్చింది సిక్కు. ఆసాడం వొచ్చీసినాది గదండి."

కొత్త అల్లుడు ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకూడదన్న పట్టింపు మీకు తెలిసిందే. మామూలు అల్లుడైతే తన ఇంట్లో తానుంటాడు, పేచీ లేదు. ఇల్లరికపు అల్లుడికి అత్తగారి గడపే సొంత గడప. వాడెక్కడికి పోవాలి? ఆ ఇంట్లో దీని మీద పెద్ద చర్చే జరిగిందట. "ఇల్లరికపోడు కొడుకుతో సమానం, ఆడికి ఆసాడం ఏటని నానన్నాను. మా యమ్మ ఒప్పుకోనేదు. నీకు కొడుకైతే అవుతాడు గానీ ఈడి అత్తకి అల్లుడేనన్నాది," అన్నాడు మావ. ఆ యమ్మ అంటే కుర్రాడికి స్వయానా అమ్మమ్మ. సొంత మనవణ్ణి నెల్లాళ్ళపాటు గడప అవతలికి పంపింది.

కన్నవారింటికి పొమ్మందామంటే అక్కణ్ణుంచి మా కాలేజీకి రోజూ రావడం అయ్యే పని కాదు. పైగా వాళ్ళమ్మ కబురు పెట్టిందట, ఇల్లరికం వెళ్ళినవాడు అప్పుడే తిరిగొచ్చి కూర్చుంటే తరిమేశారని నలుగురూ అనుకుంటారు, రావద్దని. హాస్టల్లో పెడదామంటే అప్పుడే సున్నాలు వేయిస్తున్నారు, శ్రావణం దాకా తెరవరు. "ఎక్కడన్నా సదిరీయండి మాస్టారూ," అని మావ చేతులు దులుపుకుని బండెక్కేశాడు. కుర్రాడు ట్రంకుపెట్టె పక్కన నిలబడి నా వైపు చూస్తున్నాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర మాటవరసకి ఈ సంగతి చెప్పి, వాణ్ణి సత్రంలో ఉంచుదామనుకుంటున్నానని మా ఆవిడతో అన్నాను. అనకుండా ఉండాల్సింది అని ఆ ఏడాదంతా అనుకున్నాను గానీ, అన్నా అనకపోయినా ఆవిడకి తెలిసేదే.

"కొత్త పెళ్ళికొడుకుని సత్రంలో పడుకోబెడతారేమిటండీ, ఊళ్ళో మనం ఉండగా? ముందు గది ఖాళీగానే ఉంది కదా."

"ఆటగాళ్ళకి కాలేజీవాళ్ళు ఊరికే తిండి పెట్టకూడదే. రూలుంది."

"యూనివర్సిటీవాళ్ళు వచ్చి పెడతారా మరి?"

సాయంత్రానికి ట్రంకుపెట్టె మా ముందు గదిలో ఉంది. ఆ నెల్లాళ్ళూ వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. తెల్లారకముందే లేచి నూతిలో నీళ్ళు తోడి గోలెం నింపేసేవాడు. వద్దంటే వినేవాడు కాదు. రెండోసారి అన్నం అడగడానికి మొహమాటపడేవాడు. అది కనిపెట్టి మా ఆవిడ అడక్కుండానే వడ్డించేది. వాడు తలొంచుకుని తినేవాడు. శ్రావణం రాగానే పెట్టె పట్టుకుని గజపతినగరం వెళ్ళిపోయాడు. అప్పణ్ణుంచి రోజూ పాసింజరులో వచ్చి, ఆడి, చదివి, పాసింజరులో పోయేవాడు. నేను యూనివర్సిటీ క్రీడల ఆఫీసుకి పనిమీద వెళ్ళినప్పుడు అక్కడి గుమాస్తాని అడిగాను కూడా. "పెళ్ళయ్యాక పిల్లనిచ్చిన మామ సంరక్షకుడు కాక ఇంకెవరండీ? ఏం ఇబ్బందుండదు," అన్నాడు. ఆ మాట నమ్ముకుని నిశ్చింతగా ఉన్నాను.

ఇప్పుడు మీకు శ్రీకాకుళం కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ గురించి చెప్పాలి. మేమిద్దరం మద్రాసులో ఒకే గదిలో ఉండి ట్రైనింగయ్యాం. చుట్టరికం ఏమీ లేదు గానీ నన్ను బావా అనేవాడు. మంచివాడు, తిండిపుష్టి కలవాడు, ఓడిపోవడం మాత్రం చేతకానివాడు. తన సెంటర్ ప్లేయర్ నా దగ్గరికి వచ్చేశాడని వాడి కడుపు మండిపోయింది. అలాగని మొహం చాటేశాడా అంటే లేదు. ఆషాఢంలోనే విజయనగరం పనిమీద వచ్చి మా ఇంటికి భోజనానికి దిగాడు. కుర్రాడి పక్కనే పీట వేసుకుని కూర్చుని, వాడి భుజం తట్టి, గోంగూర పచ్చడి మెచ్చుకుని మెచ్చుకుని తిన్నాడు. అంతకు ముందు కుర్రాడి పెళ్ళికి కూడా వెళ్ళి పంక్తిలో కూర్చుని వచ్చినవాడే.

నవంబరులో శ్రీకాకుళంలో పోటీలు. మా జట్టు అంత బాగా కుదరడం నేనెప్పుడూ చూడలేదు. మేజిస్ట్రేటు గారి అబ్బాయి సంతోషంగా రిజర్వులో కూర్చున్నాడు, అక్కడైతే చొక్కా తడవదు. ఫైనల్లో మేమూ శ్రీకాకుళం వాళ్ళూ తలపడాలి. యూనివర్సిటీ జట్టుని ఎంచుకునే వాళ్ళు ఆ ఆట చూడ్డానికే వస్తున్నారు. మావ మొదటిసారి అల్లుడి ఆట చూద్దామని ఉతికిన పంచె కట్టుకుని, జట్టంతటికీ ఉడకబెట్టిన తేగలు కట్ట కట్టుకుని వచ్చాడు.

ఆట మొదలవబోతుండగా నా స్నేహితుడు నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు. "బావా, ఏమీ అనుకోకు. ప్రొటెస్టు ఇచ్చాను."

"దేని మీద?"

"నీ సెంటర్ మీద. పైనుంచి మా ప్రిన్సిపాలు గారు ఊరుకోవడం లేదు. రూలు రూలే కదా."

అంపైరు బంతి జేబులో వేసుకున్నాడు. మమ్మల్నందర్నీ ఒక క్లాసురూములోకి పిలిచారు. బల్ల వెనకాల పోటీల కమిటీ సభ్యులు ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు చివరిదాకా నోరు విప్పలేదు. చైర్మన్‌గా ఉన్నాయన మరో కాలేజీ ప్రిన్సిపాలు, మిషను స్కూల్లో చదివి పైకొచ్చిన క్రైస్తవ పెద్దాయన. ఒకరి దగ్గర కాఫీ కూడా తాగని మనిషని పేరు. అలాంటివాడి ముందు నిజం చెబితే చాలనుకున్నాను. ఆ పూట నాకు తెలిసొచ్చింది, నిజం చెబితేనే మునుగుతామని.

నా స్నేహితుడు లేచి చెప్పాడు. కుర్రాడు కొత్త కాలేజీలో చేరేనాటికి సంరక్షకుడి ఇంట్లో లేడని, ఆ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ ఇంట్లో ఉన్నాడని, అక్కడే తిన్నాడని.

"మీరు చూశారా?" అన్నాడు చైర్మన్.

"చూశానండి. పక్కనే కూర్చుని తిన్నాను."

"పెళ్ళి మాట నిజమేనా? ఆట కోసం అల్లిన కథ కాదు కదా?"

"నిజమేనండి. అక్కడా భోంచేశాను."

తిన్న రెండు భోజనాల్నీ సాక్ష్యంగా పట్టుకొచ్చాడన్నమాట. చైర్మన్ నా వైపు తిరిగాడు.

"చేరిన రోజున ఈ అబ్బాయి ఎక్కడుంటున్నాడండీ?"

"మా ఇంట్లోనండి."

"మీకు బంధువా?"

"కాదండి."

"భోజనానికి ఏమైనా తీసుకున్నారా?"

"లేదండి."

నా జవాబులు నా చెవికే దొంగ జవాబుల్లా వినిపించాయి. ఆ కుర్చీలో నేనే ఉండి ఉంటే నన్ను నేను అక్కడికక్కడే డిస్మిస్ చేసేవాణ్ణి. ఆషాఢం కదండీ, అత్తగారి గడప తొక్కకూడదు కదండీ అని వివరించబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆషాఢం నాకు తెలియదని కాదు మాస్టారూ. మా వీధిలో అందరూ పాటించేవాళ్ళే. కానీ అది రూలుకి తెలియదు కదా."

మావని పిలిచారు. ఆయన తేగల కట్ట చంకలో పెట్టుకునే లోపలికొచ్చాడు.

"ఈ అబ్బాయి మీకేమవుతాడు?"

"అల్లుడండి. అల్లుడేటి, కొడుకే. ఇల్లరికం తెచ్చుకున్నాను. నా కొడుకే."

"కొడుకైతే ఆషాఢంలో బయటికెందుకు పంపారు?"

మావ ఆగిపోయాడు. "అది... ఆసాడం అల్లుడికి గదండి."

"అంటే అల్లుడేనా?"

"అల్లుడే. కానీ కొడుకులాగే సూసుకుంతన్నాను."

"ఆ ఒక్క నెలా మినహా?"

మావ నా వైపు చూశాడు, కుర్రాడి వైపు చూశాడు. "మా యమ్మ ఒప్పుకోనేదండి," అన్నాడు నీరసంగా. కమిటీలో నోరు విప్పని ఇద్దరిలో ఒకాయన నవ్వు ఆపుకోవడానికి దగ్గు తెచ్చుకున్నాడు.

నాకు ఇంక సహనం చచ్చిపోయింది. లేచి గట్టిగా అరిచినంత పని చేశాను. ఈ దేశంలో పెళ్ళిళ్ళు వేసవిలో అవుతాయి, కాలేజీలు ఆషాఢంలో తెరుస్తారు, ఈ రెండూ యూనివర్సిటీ పెట్టినవో ముసలమ్మలు పెట్టినవో నాకనవసరం, వాటి మధ్య నలిగిపోతున్నది మాత్రం ఈ కుర్రాడు అన్నాను. ఆకలేసినవాడికి అన్నం పెడితే దొంగతనమా అన్నాను. పెళ్ళిలోనూ మా ఇంట్లోనూ భోంచేసి వచ్చి సాక్ష్యం చెప్పేవాళ్ళని ఏమనాలి అని కూడా అన్నాను. నా స్నేహితుడు తల దించుకున్నాడు. చైర్మన్ అంతా విన్నాడు. నేను అలిసిపోయి కూర్చున్నాక, అప్పటిదాకా ఎవరికీ తోచని పని చేశాడు. కుర్రాణ్ణే అడిగాడు.

"బాబూ, నువ్వు చెప్పు. కాలేజీలో చేరిన రోజున నీ ఇల్లేది?"

వాడు బ్యాటు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. మావని చూడలేదు, నన్ను చూడలేదు.

"ఆ నెల నాకు ఇల్లు నేదండి," అన్నాడు. "అమ్మోల్లింటికి రావద్దన్నారు. మావోల్లింటికి రాకూడదన్నారు. మాస్టారమ్మ అన్నం ఎట్టినాది."

చైర్మన్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"నువ్వు అబద్ధం చెప్పి ఉంటే నాకింత కష్టంగా ఉండేది కాదు," అన్నాడు చివరికి. "కానీ నిన్ను ఆడనిస్తే వచ్చే ఏడు ప్రతి కాలేజీ డ్రిల్లు మాస్టారి ముందు గదిలోనూ నలుగురేసి అల్లుళ్ళు దిగుతారు. ఈ ఏడు నువ్వు ఆడటానికి లేదు."

ఆయన మాటలో న్యాయం ఉందని నాకు ఈ వయసులో తెలుసు. ఆ రోజున మాత్రం ఆయన్ని మనసులో తిట్టని తిట్టు లేదు. ఇప్పటికీ, న్యాయం ఉందంటాను గానీ, నచ్చిందనను.

ఆట జరిగింది. మేజిస్ట్రేటు గారి అబ్బాయి సెంటర్లో నిలబడ్డాడు. ఎలా ఆడామో చెప్పను, మీరే ఊహించుకోండి. కుర్రాడు గీత బయట చతికిలబడి కూర్చుని ప్రతి బంతికీ భుజం కదిపాడు, చేతిలో బ్యాటు లేదన్న సంగతి మరిచిపోయి. మావ వాడి పక్కనే కూర్చున్నాడు. యూనివర్సిటీ జట్టుని ఎంచుకునేవాళ్ళు వాళ్ళ ముందు నుంచే నడిచి వెళ్ళిపోయారు. నా స్నేహితుడు ఆట అయ్యాక చెయ్యి చాపితే నేను ఇవ్వలేదు. తర్వాత చాలాకాలం వాడితో మాటల్లేవు.

సాయంత్రం శ్రీకాకుళానికి దగ్గర్లోని ఆమదాలవలస స్టేషన్లో బండి కోసం కూర్చున్నాం. జట్టు కుర్రాళ్ళు తేగలు తింటున్నారు. మావ నా పక్కకి జరిగాడు.

"మాస్టారూ, ఈణ్ని నాను దత్తతు తీసుకుంటే? కాయితం మీద కొడుకని రాయించీస్తే? అప్పుడు ఆడనిస్తారా?"

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "దత్తత తీసుకుంటే వాడు నీ కూతురికి అన్నవుతాడయ్యా," అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. "అవును గదూ. అది కుదరదు."

పట్టాల వైపు తిరిగి కూర్చున్నాడు. పట్టాల అవతల ఎవరో గేదెల్ని తోలుకుపోతున్నారు. ఉన్నట్టుండి కుర్రాడి వైపు తిరిగాడు.

"ఒరే, ఇల్లు నేదని అలగ అందరి ముందట అనీసినావేట్రా?"

నేను కంగారుపడ్డాను. ఇంక రేపట్నుంచి చదువూ ఆటా కట్టిపెట్టి పొలం పొమ్మంటాడని, ఆ మాట ఇక్కడే అనేస్తాడని అనుకున్నాను.

"నిజమే గదా మావా," అన్నాడు కుర్రాడు. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అన్నాడు.

మావ పంచె అంచు సర్దుకున్నాడు. బండి కూత వినిపించింది. లేచి నిలబడి, నా మొహం చూడకుండా, "వొచ్చే ఏడు కూడా సదువుతాడు మాస్టారూ," అన్నాడు. "ఆట ఆడించండి. నాగలి సంగతి నాను సూసుకుంతాను. ఇంటికాడ ముసిల్దానికి కూడా సెప్తాను, ఇంకే మాసమొచ్చినా ఈడు గడప దాటడు."

బండెక్కాక నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కళ్ళలో బొగ్గు నలుసు పడిందని మా కుర్రాళ్ళతో చెప్పాను.

మరుసటి ఏడు వాడికి అడ్డు లేకపోయింది. ఆడాడు. ఎలా ఆడాడంటే, ఆ ఏడు ఎంపికచేసేవాళ్ళలో ఒకడైన నా స్నేహితుడే అందరికంటే ముందు కుర్రాడి పేరు చెప్పాడట. ఆ సంగతి తెలిసి మా ఇంటికి రమ్మని కబురు పెట్టాను. సిగ్గులేకుండా వచ్చి మళ్ళీ గోంగూర పచ్చడితో తిని వెళ్ళాడు. కుర్రాడు యూనివర్సిటీ జట్టుతో ఊళ్ళు తిరిగాడు. డిగ్రీ అయ్యాక రైల్వేవాళ్ళు పిలిచారు. నా సర్వీసులో ఒక పని పూర్తయిందని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

అది తొందరపాటు. ఒకరోజు మధ్యాహ్నం సైకిలు మీద ఒక పోలీసు కానిస్టేబులు మా ఇంటి ముందు దిగాడు. ప్రభుత్వోద్యోగం ఇచ్చే ముందు మనిషి ఎలాంటివాడో, ఎక్కడెక్కడ ఉన్నాడో వాకబు చేస్తారు కదా. దానికొచ్చాడు. కుర్రాడు తన ఊరు, మావ ఊరుతో పాటు మా ఇంటి సంగతి కూడా చెప్పాడట. నాతో ఒక్క మాట అనలేదు.

"ఈ అబ్బాయి మీ ఇంట్లో ఉండేవాడాండీ?" అన్నాడు కానిస్టేబులు.

అదే ప్రశ్న. ఇది కమిటీ కాదు, ఇక్కడ ప్రొటెస్టు లేదు అని బుద్ధికి తెలుసు గానీ నోటికి తెలియలేదు. "ఉండటమంటే మరేం లేదండి, ఆషాఢంలో ఒక్క నెల, అప్పుడు హాస్టలు తెరవలేదు, వాళ్ళ అత్తగారి ఊరు గజపతినగరం దగ్గర, ఆ ఇంట్లో ఒక ముసలావిడ..." అని మొదలుపెట్టేశాను. కానిస్టేబులు అయోమయంగా చూస్తున్నాడు.

లోపలి నుంచి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఉండేవాడు బాబూ, ఎందుకుండడు? మావాడే. చాలా బుద్ధిమంతుడు. కూర్చోండి, మజ్జిగ తెస్తాను."

మాకూ వాడికీ ఏ చుట్టరికమూ లేదని కమిటీ ముందు నిలబడి చెప్పుకొచ్చినవాణ్ణి నేను. ఆవిడ ఒక్క ముక్కలో దాన్నంతా కొట్టిపారేసింది.

"మీవాడంటే, ఏమవుతాడండీ మీకు?" అన్నాడు కానిస్టేబులు, నా మొహం చూస్తూ.

అల్లుడా అంటే కాదు. కొడుకా అంటే కాదు. సంరక్షకుణ్ణా అంటే నేను కానని యూనివర్సిటీయే తేల్చింది. వంటింట్లో మజ్జిగ చిలికే చప్పుడు ఆగింది. ఆవిడ నా జవాబు కోసం వింటోందని తెలుసు.

"మా ఇంట్లో అన్నం తిన్న పిల్లాడండీ," అన్నాను. "మావాడేనని రాసుకోండి."